పదకొండు వందల నలభైమూడో రోజు

ఆ గది తాళంచెవి ఆ గదిలోనే మేకుకి వేలాడుతూ ఉండేది. ఎక్కడైనా పోతుందేమోనన్న భయంతో అక్కడ పెట్టారు. తాళం కన్నం మాత్రం తలుపుకి బయటి వైపు ఉంది. ఈ రెండు సంగతులూ రెండేళ్ళుగా అందరికీ తెలుసు. రెండింటినీ కలిపి ఆలోచించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఆ మధ్యాహ్నం పన్నెండూ యాభై దాకా.

అప్పటికి గదిలో ఇద్దరున్నారు. ఒకరు ఆ మందుల కంపెనీలో సర్వర్లు చూసుకునే ఆవిడ. నలభై దాటాయి. తెల్లారి లేస్తే ఆ మిషన్లతోనే కాపురం కాబట్టి ఆఫీసంతా ఆవిడని సర్వరమ్మ అంటారు. ఆ పేరు పెట్టిన మనిషే రెండోవాడు, ఏసీ మెకానిక్. పదకొండేళ్ళుగా ఆ భవనంలో చల్లదనమంతా ఆయన చేతి చలవే. ఆయన్ని మంచు బాబాయ్ అంటారు. ఏసీ మూత విప్పి, నేలమీద గొంతుక్కూర్చుని, ఓ పాత ప్లాస్టిక్ కార్డుతో రేకుల మధ్య దుమ్ము గీకుతున్నాడు.

"అదేంటి బాబాయ్, మన గుర్తింపు కార్డులా ఉందే?"

"మీ కార్డే తల్లీ. పదేళ్ళు దర్జాగా దీంతోనే లోపలికొచ్చా. పోయినేడాది మీ మేనేజరు, అదే మీ బోర్డు సారు, చెల్లదన్నాడు. బయటివాళ్ళు ఇక రిజిస్టర్లో సంతకం పెట్టి, ఎవరో ఒకరి వెంట రావాలట. చెల్లకపోతే పోయింది, దుమ్ముకి చెల్లుతుందిగా! దీని అంచు ఉందే, బ్రష్షు కూడా పనికిరాదు దీని ముందు."

సర్వరమ్మ నవ్వింది. అదే క్షణంలో కరెంటు పోయింది.

కరెంటు పోతే బ్యాటరీలు అందుకోవాలి. అందుకున్నాయి కూడా. రెండు నిమిషాలు కుయ్యోమొర్రోమని, చివరికి చేతులెత్తేశాయి. గదిలో ఫ్యాన్ల హోరు ఒక్కొక్కటిగా సన్నగిల్లి ఆగిపోయింది. మూడేళ్ళలో ఆ గదిలో నిశ్శబ్దం అదే మొదటిసారి. నాలుగు నిమిషాలకి కరెంటు వచ్చింది. హోరు మళ్ళీ మొదలైంది. తలుపు పక్కన కార్డు చూపే డబ్బా మీద దీపం మాత్రం ఎర్రగానే ఉండిపోయింది.

సర్వరమ్మ మెడలోని కార్డు చూపింది. ఎరుపు. తుడిచి చూపింది. ఎరుపు. తలుపుని భుజంతో తోసింది. ఉక్కు తలుపు, రెండు గంటలు మంటని ఆపగలిగేది. ఆవిడ భుజం దానికో లెక్కా!

ఆ తలుపు కథ కొంచెం చెప్పాలి. మామూలుగా ఇలాంటి తలుపులు కరెంటు పోతే వదులైపోతాయి. దొంగల భయం ఉన్న బోర్డు సారు, కరెంటు పోతే బిగుసుకునే రకం ఏరికోరి పెట్టించాడు. లోపలి వైపు ఒకప్పుడు నొక్కితే తెరుచుకునే మీట ఉండేది. జనం కార్డు చూపకుండా మీట నొక్కి టీకి పారిపోతున్నారని దాన్ని పీకించేశాడు. ఇప్పుడు రావాలన్నా కార్డే, పోవాలన్నా కార్డే. మూసుకోగానే అడుగున రబ్బరు పట్టీ దిగి నేలకి అతుక్కుంటుంది. పొగ రాకూడదని. పొగేమిటి, పోస్ట్‌కార్డు కూడా దూరదు. వైర్లన్నీ నేల కిందినుంచి వస్తాయి, ఆ దారులు కూడా మంటని ఆపే ముద్దతో పూడ్చేసినవే.

తలుపు మీద దబదబ బాదిన శబ్దం. తరవాత బోర్డు సారు గొంతు, దిండు కింద నుంచి వచ్చినట్టు:

"ఏమ్మా! సర్వర్లు ఆగాయా?"

"ఆగి లేచాయి సార్. తలుపు రావట్లేదు!"

"ఆగాయా? పదకొండు వందల నలభైమూడు రోజులమ్మా! ఇప్పుడు బోర్డు మీద సున్నా రాయాలా నేను?"

ఆయనకి ఆ పేరు ఊరికే రాలేదు. వరండా గోడకి, ఆయన రాకముందు నుంచీ, ఓ పెద్ద తెల్లబోర్డు ఉంది. 'సర్వర్లు ఆగకుండా నడిచిన రోజులు' అని పైన, కింద అంకె. రోజూ పొద్దున ఎనిమిదింటికి పాత అంకె తుడిచి కొత్తది స్వయంగా రాస్తాడు. వచ్చిన ప్రతి అతిథినీ ముందు దాని దగ్గరకే తీసుకెళతాడు. ఆ అంకె కోసం సర్వర్లని ఒక్కసారైనా ఆపి లేపి చూడనివ్వలేదు. సర్వరమ్మ రెండుసార్లు అడిగింది. "నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకమ్మా" అని రెండుసార్లూ కొట్టిపారేశాడు.

"సార్, తాళంచెవి లోపలుంది!"

అవతల ఆయన రెండు సంగతులూ కలిపి ఆలోచిస్తున్నాడు.

* * *

గది మధ్యలో మూడు సర్వర్లు. పెద్దన్న, నడిపివాడు, చిన్నోడు. ఆవిడకంటే ముందు పనిచేసినాయన పెట్టిన పేర్లవి. ముగ్గురూ కలిసి ఒక జట్టు, ఆ పనివాళ్ళ భాషలో పూల్. ఈ ముగ్గురి కడుపులో నలభై ఉత్తుత్తి మిషన్లు నడుస్తుంటాయి. జీతాలది ఒకటి, గిడ్డంగి సరుకుది ఒకటి, ఫోన్లది ఒకటి. తలుపుది కూడా ఒకటి. ముగ్గురూ ఒక మాట మీదుంటేనే ఆ నలభైలో ఏదైనా లేచేది.

సర్వరమ్మ తెర బయటికి లాగి చూసింది. పూల్ లేవలేదు. ఒకటే వాక్యం, మూడు చోట్లా: సర్టిఫికెట్ చెల్లదు.

"ఏమంటున్నాయి?" అన్నాడు మంచు బాబాయ్.

"ఒకడినొకడు గుర్తుపట్టట్లేదు బాబాయ్. ప్రతి సర్వరుకీ ఓ గుర్తింపు కార్డు లాంటిది ఉంటుంది. మాట కలిపేముందు ఒకడి కార్డు ఇంకొకడు చూడాలి. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువుంటుంది. నడుస్తున్నన్నాళ్ళూ పాత పరిచయం మీద మాట్లాడుకున్నారు. ఇప్పుడు నిద్రలేచి, కార్డు చూపించమంటున్నారు."

"అన్నదమ్ములకి కార్డులేంటి?"

"ఈ రోజుల్లో అన్నదమ్ములకే కావాలి బాబాయ్."

ఆయన నవ్వలేదు. అది ఆవిడ గమనించాల్సింది. మంచు బాబాయ్ తన జోకుకే కాదు, ఎదుటివాళ్ళ జోకుకీ నవ్వే మనిషి. ఆవిడ తెరలో మునిగిపోయి ఉంది.

పెద్దన్న గడియారం చూసి సర్వరమ్మ ఉలిక్కిపడింది. పన్నెండేళ్ళ కిందటి జనవరి ఒకటి. లోపల గోలీ బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది, కరెంటు లేనప్పుడు టైము గుర్తుపెట్టుకోవడానికి. అది ఎప్పుడో చచ్చినట్టుంది. ఎవరూ ఆపి చూడలేదుగా, తెలియడానికి. పన్నెండేళ్ళ కిందట నిలబడి చూస్తే ఏ సర్టిఫికెట్టూ ఇంకా పుట్టనే లేదు.

"ఇంతేనా!" అనుకుంది. తేదీ దిద్దింది. అక్టోబరు ముప్పై, ఈ ఏడు. మళ్ళీ లేపింది. తెర కాసేపు ఆలోచించి, చెల్లకపోవడానికి కారణం మార్చింది. 'ఇంకా మొదలవలేదు' అన్నది పోయి 'గడువు తీరిపోయింది' అన్నది వచ్చింది.

పెద్దన్నది గడువు తీరి పోయిన మార్చికి రెండేళ్ళు. నడిపివాడిది అంతకంటే ముందే. చిన్నోడి కార్డు ఒక్కటే ఇంకా బతికుంది.

ఇది సర్వరమ్మకి తెలియని సంగతి కాదు. రోజూ పొద్దున తెర తెరవగానే ఓ ఎర్ర పెట్టె అడ్డం వచ్చేది. కింద రెండు మీటలు, 'వివరాలు', 'పర్వాలేదు, ముందుకు వెళ్ళు'. రెండేళ్ళుగా రెండోదే నొక్కుతోంది. చేరిన రోజు పక్కవాళ్ళు నేర్పిన మొదటి పాఠం అదే. ఆ ఎర్రది ఎప్పుడూ వస్తుంది, పట్టించుకోకు అని. అసలు హెచ్చరికలన్నీ ఉద్యోగం మానేసిపోయిన పాతాయన మెయిలుకి పోతున్నాయి. ఆ డబ్బాలో ఎన్ని వందలు పేరుకున్నాయో.

"అమ్మాయ్."

మామూలుగా తల్లీ అంటాడు. సర్వరమ్మ వెనక్కి తిరిగింది. మంచు బాబాయ్ ఏసీకి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. గది వేడెక్కింది నిజమే, ముప్పై అయిదు చూపిస్తోంది. ఆ చెమట మాత్రం వేడి చెమట కాదు.

"ఎంతసేపు పడుతుంది?"

"ఏం బాబాయ్?"

"ఏం లేదు. పన్నెండున్నరకి ఇన్సులిన్ పొడుచుకున్నా. అన్నం తిందామని డబ్బా తీస్తుంటే మీ సారు వచ్చి, ఒక్క నిమిషం చూసెళ్ళు అన్నాడు. డబ్బా బండి మీదే ఉంది."

సర్వరమ్మ చెయ్యి తెర మీద ఆగిపోయింది. వాళ్ళ మేనత్తకి ఇదే జబ్బు. మందు ఒంట్లోకి పోయి, తిండి పోకపోతే ఏమవుతుందో ఆవిడ చిన్నప్పుడు వంటింటి గడప మీద నిలబడి చూసింది. ముందు చెమట. తరవాత వణుకు. తరవాత కారణం లేని కోపం. తరవాత మాట తడబడడం. ఆ తరవాత మేనత్త నేలమీద ఉంది. ఇంట్లో పంచదార డబ్బా ఉంది కాబట్టి లేచింది.

"జేబులో ఏమైనా ఉందా? తీపిది? మీరెప్పుడూ ఓ చాక్లెట్ పెట్టుకుంటారుగా!"

మంచు బాబాయ్ ఆవిడ వంక చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పొద్దున నీకిచ్చానుగా. మొహం వాడిపోయి ఉందని."

పొద్దున పదింటికి. 'ఇది తిని నవ్వు తల్లీ' అన్నాడు. తింది. కాగితం ఉండచుట్టి జేబులో వేసుకుంది. ఇప్పుడా కాగితం తీసి చూసింది, అందులో ఏమన్నా మిగిలిందేమోనని. పొడి కూడా లేదు.

సర్వర్ల గదిలోకి తినేవీ తాగేవీ తేకూడదు. సంచులు బయట పెట్టాలి. రూలు. ఆ రూలు తు.చ. తప్పకుండా పాటించే మనిషి ఆ ఆఫీసులో ఒక్కరే, సర్వరమ్మ.

తలుపు దగ్గరికి ఒక్క అంగలో చేరి, నోరు అంచుకి ఆనించి అరిచింది. "బాబాయ్‌కి షుగర్ పడిపోతోంది! ఇంజెక్షన్ వేసుకున్నాడు, తిండి తినలేదు! త్వరగా ఎవరినైనా పిలవండి!"

బయటి నుంచి ఈసారి ఆడగొంతు. గేటు దగ్గరుండే కాపలా అమ్మాయి. "అక్కా, ఫైరింజనుకి ఫోన్ చేశాను. గంట పడుతుందంట. అంబులెన్స్ వస్తోంది. వచ్చి మాత్రం ఏం చేస్తుంది, తలుపు ఇవతల నిలబడి! నేను గిడ్డంగిలోంచి గ్లూకోజ్ తెస్తున్నా!"

గ్లూకోజ్! అది మందుల కంపెనీ. గోడకి అవతల, సరిగ్గా పదిహేను అడుగుల దూరంలో, గ్లూకోజ్ డబ్బాలు కప్పుదాకా పేర్చి ఉంటాయి. నూతి గట్టున దాహంతో పోవడమంటే ఇదే.

* * *

ఒంటిగంటా పది.

గంట ఆగే ఓపిక బాబాయ్ ఒంట్లో లేదు. తెరవాల్సింది లోపలినుంచే. తెరవాలంటే తలుపు మిషన్ లేవాలి. అది లేవాలంటే పూల్ లేవాలి. పూల్ లేవాలంటే ముగ్గురికీ చెల్లే కార్డులుండాలి.

కొత్త కార్డులు చేసిస్తే? సర్వరమ్మ వేళ్ళు పరిగెత్తాయి. పెద్దన్నకి కొత్త సర్టిఫికెట్ పుట్టించింది. ఒకటిన్నర నిమిషం. తమ్ముళ్ళిద్దరూ దాన్ని చూసి, 'నువ్వెవరో మాకు తెలియదు' అన్నారు. వాళ్ళ దగ్గరున్నది పాత ముఖం. కొత్త ముఖం వాళ్ళకి పరిచయం చెయ్యాలంటే పూల్ ద్వారానే చెయ్యాలి. పూల్ ఉంటే ఈ తిప్పలెందుకు? పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు.

అసలు కార్డులే అడగవద్దని చెప్పే ఆజ్ఞ ఒకటుండేది. అది ప్రమాదమని ఆర్నెల్ల కిందట తనిఖీకి వచ్చినవాళ్ళు తీయించేశారు. సంతకం పెట్టింది తనే.

పాత సర్టిఫికెట్‌ని మళ్ళీ దాని చోట పెట్టేసింది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ముప్పై ఎనిమిది డిగ్రీలు. నలభై అయిదుకి సర్వర్లు తమంతట తామే ఆరిపోతాయి. ఏసీ మూత తెరుచుకుని పేగులు బయటపెట్టి పడుంది. దాన్ని బిగించగల చేతులు ఒళ్ళో పడి వణుకుతున్నాయి.

"బాబాయ్, నాతో మాట్లాడుతూ ఉండండి. ఈ ఏసీలో ఏం పోయింది?"

"నీకెందుకు?"

"చెప్పండి, నేర్చుకుంటా."

"నేర్చుకుంటుందట! రెండేళ్ళనుంచి చూస్తున్నా, ఆ డబ్బాలకేసి చూడ్డం తప్ప నీకేం వచ్చు? అంతా కార్డులు, కార్డులు! పదకొండేళ్ళు చేస్తే నాకు సంతకం పెట్టమంటారు. నేను దొంగనా? దొంగనా చెప్పు!"

కారణం లేని కోపం వచ్చేసింది. కోపం కారణం లేనిదే కావచ్చు గానీ, మాట అబద్ధం కాదు.

"దొంగ కాదు బాబాయ్. ఆ సంతకం రూలు తప్పు. బయటికెళ్ళాక నేను చెప్తా సారుకి."

"బయటికి…" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో మెత్తగా నలిగిపోయింది. "బయట ఎండగా… బండి మీద డబ్బా…"

మాట తడబడింది.

సర్వరమ్మ లేచి, ఎందుకో తెలియకుండానే తలుపు దగ్గరికి పోయి అరచేతులు దానికి ఆనించింది. మేకుకి తాళంచెవి వేలాడుతోంది. దాన్ని పీకి నేలకేసి కొట్టాలనిపించింది. అవతల మాటలు.

"సార్, మీరలా నిలబడి చూస్తే తలుపు తెరుచుకుంటుందా? ఆ గడ్డపార ఇటివ్వండి." కాపలా అమ్మాయి.

"అది ఉక్కమ్మా. గడ్డపార వంగుతుంది." బోర్డు సారు గొంతులో దర్పం పోయింది. "అన్నం తినబోతుంటే పిలిచింది నేనే. ఒక్క నిమిషమన్నాను. ఆయన డబ్బా మూత కూడా తీయలేదు…"

"ఇప్పుడనుకుని ఏం లాభం సార్? అదిగో, ముందు ఆ అంకె తుడిచెయ్యండి. నా కళ్ళకి కారం కొట్టినట్టుంది. పదకొండు వందల నలభైమూడు! నలభైమూడు రోజులకోసారి ఆపినా ఈ గతి పట్టేది కాదు."

సర్వరమ్మ చేతులు తలుపు మీదే ఉన్నాయి. ఆలోచన మాత్రం ఆ అంకె దగ్గర ఆగింది.

పదకొండు వందల నలభైమూడు రోజుల కిందట ఏం జరిగింది? అంకె సున్నా అయింది. ఎందుకయింది? చిన్నోడిని కొని తెచ్చి పూల్‌లో చేర్చారు. అందుకు ముగ్గురినీ ఆపి లేపారు. అంటే ఆ రోజు ముగ్గురూ నిద్రలేచి, ఒకడి కార్డు ఒకడు చూసి, సరే అనుకున్నారు.

ఆ రోజు ముగ్గురి కార్డులూ చెల్లాయి.

ఇంతసేపూ కార్డుల్ని ఈ రోజుకి లాక్కురావాలని చూసింది. కార్డులు రావు. రోజునే వాటి దగ్గరికి తీసుకెళితే?

గోడ మీద వేలితోనే లెక్కేసింది. మూడేళ్ళకి వెయ్యీ తొంభై అయిదు. మిగిలింది నలభై ఎనిమిది. అక్టోబరు ముప్పై నుంచి నలభై ఎనిమిది వెనక్కి. సెప్టెంబరు పన్నెండు.

తెర దగ్గరికి పరిగెత్తి మూడు సర్టిఫికెట్ల తేదీలూ ఒకదాని కింద ఒకటి పరిచింది. మూడు జాతకాలు ముందేసుకుని ముహూర్తం చూసే పెద్దమనిషిలా వేలు కిందికి జార్చింది. చిన్నోడిది మొదలయింది మూడేళ్ళ కిందట సెప్టెంబరు పదకొండున. నడిపివాడిది తీరింది అదే ఏడు అక్టోబరు రెండున. ఇద్దరికీ పొత్తు కుదిరేది ఆ మూడు వారాలే. పెద్దన్నకి అందులో అభ్యంతరం లేదు. మంచి రోజు దొరికింది. అది అయిపోయి మూడేళ్ళయింది, అంతే తేడా.

పెద్దన్నకి సెప్టెంబరు పన్నెండు. నడిపివాడికి సెప్టెంబరు పన్నెండు. చిన్నోడికి కొట్టేటప్పుడు వేళ్ళు తడబడి ఇరవై ఒకటి పడింది. చెరిపి మళ్ళీ కొట్టింది. చెమట మీటల మీద పడుతోంది. నలభై ఒకటి డిగ్రీలు.

లేపింది.

పెద్దన్న నడిపివాడిని చూశాడు. నడిపివాడు చిన్నోడిని చూశాడు. తెర మీద ఒక గీత ఆకుపచ్చగా మారింది. రెండోది. మూడోదానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేం గానీ, ఆ కాసేపట్లో సర్వరమ్మ తనకి తెలిసిన దేవుళ్ళందరికీ ఏదో ఒకటి మొక్కేసింది.

మూడోది కూడా మారింది.

"బాబాయ్! లేచింది!"

మంచు బాబాయ్ పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. ఎటు చూస్తున్నాయో తెలియదు. సర్వరమ్మ ఆయన చెంప తట్టింది. "ఊఁ" అన్నాడు. ఊపిరుంది. ఊఁ ఉంది. అది చాలు.

నలభై మిషన్లలో మిగతా ముప్పై తొమ్మిదినీ వదిలేసి తలుపు మిషన్ ఒక్కదాన్నీ లేపింది. నిమిషం. రెండు నిమిషాలు. తలుపు పక్క డబ్బాలో ఎర్ర దీపం ఆరి, నీలంగా మిణుకుమని, నిలబడింది. కార్డు కోసం ఎదురుచూస్తోంది.

సర్వరమ్మ పరిగెత్తి మెడలో కార్డు ఆనించింది.

ఎరుపు. కీచుమని కసురు.

మళ్ళీ. ఎరుపు.

"సార్! బయటి నుంచి మీ కార్డు పెట్టండి!"

అవతల కీచుమంది. "ఎర్రగా వస్తోందమ్మా! ఈ అమ్మాయిది కూడా!"

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం అర్థమైంది. తలుపు మిషన్ కూడా సెప్టెంబరు పన్నెండునే నిద్రలేచింది. మూడేళ్ళ కిందటి సెప్టెంబరు. అప్పటికి తను ఈ ఉద్యోగంలో చేరలేదు. బోర్డు సారు వచ్చి రెండున్నరేళ్ళు. కాపలా అమ్మాయి వచ్చింది ఈ ఏడే. ఆ తలుపు దృష్టిలో వీళ్ళెవరూ ఇంకా పుట్టలేదు. ఇందాక పెద్దన్న అన్న మాటే ఇప్పుడు తనని అంటోంది.

తేదీ ముందుకి జరిపి తలుపు మిషన్‌ని మళ్ళీ లేపబోతే, ఆ తేదీకి పూల్ చెదిరిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నలభై మూడు డిగ్రీలు.

"ఎవరిదైనా పాత కార్డుందా సార్! మూడేళ్ళ పైబడ్డది! ఈ గదికి చెల్లేది!"

"పాతవాళ్ళెవరున్నారమ్మా! ఈ గదికి నలుగురికే ఇచ్చాం, నలుగురమూ కొత్తవాళ్ళమే. బయటివాళ్ళవి ఉండేవి, అవి నేనే పోయినేడు…"

సర్వరమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది.

కార్డు నేలమీద ఉంది. ఏసీ పక్కన, దుమ్ము కుప్పలో. ఒక అంచు అరిగి, పళ్ళు పళ్ళుగా లేచిపోయింది. ఫొటోలో పదకొండేళ్ళ కిందటి మంచు బాబాయ్ నల్లటి మీసాలతో నవ్వుతున్నాడు. పోయినేడు చెల్లకుండా పోయిన కార్డు. పోయినేడు. మూడేళ్ళ కిందట కాదు.

దాన్ని తీసి డబ్బాకి ఆనించింది.

దీపం ఆకుపచ్చ. లోపలెక్కడో గడియ 'ఠక్' మని జారింది.

తలుపు ఆవిడ తోయకముందే అవతలినుంచి కాపలా అమ్మాయి లాగేసింది. చల్లటి గాలి ఒక్క తోపున మొహానికి తగిలింది. అమ్మాయి చేతిలో గ్లూకోజ్ డబ్బా, గ్లాసులో నీళ్ళు.

"నీళ్ళు పొయ్యకు! పొరబోతుంది!" సర్వరమ్మ నేలమీద కూలబడి బాబాయ్ తల ఒళ్ళోకి తీసుకుంది. "పొడి తడిపి బుగ్గలోపల రాయి. ఇంకా. ఇంకొంచెం."

అంబులెన్స్‌వాళ్ళు మెట్లెక్కి వచ్చేసరికి మంచు బాబాయ్ చప్పరిస్తున్నాడు. సూది వేశారు, వేలు పొడిచి చూశారు, తలలూపారు. పది నిమిషాలకి ఆయన చూపు ఒకచోట నిలిచింది. మొదట చూసింది సర్వరమ్మని కాదు, తెరిచి ఉన్న ఏసీని.

"మూత ఎవరు తీశారు?" అన్నాడు.

"మీరే బాబాయ్."

"ఆఁ." ఏసీ మీంచి చూపు ఆవిడ వైపు తిప్పాడు. "నిన్నేమన్నా తిట్టానా?"

"తిట్టారు."

"బాగా తిట్టానా?"

"బానే తిట్టారు. సగం నిజాలే."

ఆయన ఇప్పుడు నవ్వాడు. సర్వరమ్మకి అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, మంటలార్పే ఎర్ర సిలిండరు దొర్లించి తలుపుకి అడ్డం పెట్టింది. తలుపు అలా తెరిచి ఉంచడం నేరం. బోర్డు సారు నోరు తెరిచాడు. సిలిండరు వంక చూశాడు, నేలమీది మనిషి వంక చూశాడు. నోరు మూసుకుని, తనే వెళ్ళి బండి మీది అన్నం డబ్బా తెచ్చాడు. మూత తీసి చేతికిచ్చాడు. ఇచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. అలా కూర్చోవడం ఆయనకి అలవాటు లేదని మోకాళ్ళు చెప్పాయి.

"సార్," అంది సర్వరమ్మ. "ఒక మాట. ఆ ఎర్ర హెచ్చరిక నాకు రెండేళ్ళుగా రోజూ కనబడుతూనే ఉంది. రోజూ పర్వాలేదు నొక్కాను. రేపు కాగితం మీద రాసి ఇస్తాను."

"రెండుసార్లు ఆపుదామని అడిగావు. వద్దన్నది నేను. అది కూడా రాయి." ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. బోర్డు ముందు నిలబడి అరచేత్తోనే ఆ అంకె తుడిచాడు. సున్నా రాయబోయి, మార్కరు మూత పెట్టేసి, బోర్డునే మేకు మీంచి దించి గోడవైపు తిప్పి పెట్టాడు.

సర్వరమ్మ పని ఇంకా అయిపోలేదు. లోపల ఇంకా సెప్టెంబరు పన్నెండే నడుస్తోంది. పూల్ కలిసి ఉండగానే, ఆ పాత రోజులోనే, ముగ్గురికీ కొత్త సర్టిఫికెట్లు చేసి ఒకరివి ఒకరికి పంచాలి. ఆ తరవాత ముగ్గురినీ నెమ్మదిగా నడిపించి ఈ రోజుకి తీసుకురావాలి. సాయంత్రం దాకా పట్టే పని. తెర గడప దాకా లాక్కుని, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని కూర్చుంది. మంచు బాబాయ్ ఆ గదిలోనే, తినేవి తేకూడదన్న కాగితం కిందే కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. ఆసుపత్రికి రమ్మంటే ముద్ద అయ్యాక వస్తానన్నాడు.

తెర మీద తలుపు మిషన్ చిట్టాలో తలుపు తెరుచుకున్నట్టు కొత్త వరస ఒక్కటే పడి ఉంది. మూడేళ్ళ కిందట, సెప్టెంబరు పన్నెండు: ఏసీ మెకానిక్, బయటికి. ఆ రోజు లోపలికి వచ్చినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆవిడ దాన్ని చెరపలేదు.

"తల్లీ, నా కార్డేది?" అన్నాడు నోటినిండా అన్నంతో.

"ఇదిగో. ఏం, మళ్ళీ లోపలికి రావాలా?"

"లోపలికెవడొస్తాడు! రేకుల్లో ఇంకా సగం దుమ్ము అలాగే ఉంది."